దెప్పిపొడుపు మానడం ఎలా: ఇంట్లో మాట తీరు మార్చుకునే పద్ధతి

దెప్పిపొడవడం చాలా ఇళ్ళలో తిట్టు కింద లెక్కకు రాదు. గొంతు పెరగదు, బూతు దొర్లదు. "మీకెందుకు గుర్తుంటుంది లెండి, అదే మీ అక్కయ్యగారింటి పనైతే తెల్లారకముందే గుర్తొచ్చేది" అని భార్య అంటుంది. "ఉద్యోగం చేస్తున్నావుగా, ఇంకేం, వంట ఎవరో ఒకరు చేస్తార్లే" అని భర్త అంటాడు. "మా రోజుల్లో ఇన్ని మిషన్లు లేవమ్మా, అయినా పదింటికల్లా పనైపోయేది" అని అత్తగారు గాల్లోకి అంటారు. ఏంటలా అన్నారని అడిగితే ముగ్గురూ ఒకే సమాధానం చెబుతారు: "నేనేమన్నాను? ఉన్నమాటేగా!" పడ్డవాళ్ళకి మాత్రం ఆ మాట పదేళ్ళ తర్వాత కూడా, ఏ పండక్కి, ఎవరి ముందు అన్నారో సహా గుర్తుంటుంది.

ఇది ముఖ్యంగా అనేవాళ్ళ కోసం రాస్తున్నాను. "ఇకనుంచి ఏమీ అనను, నోరు మూసుకుంటాను" అని ఒట్టు పెట్టుకుంటే ఈ అలవాటు పోదు. రెండు రోజులు బిగబట్టి, మూడో రోజు వడ్డీతో సహా కక్కేస్తారు. దెప్పు చాలాసార్లు నోరు తెరిచి అడగలేకపోయిన కోరిక. ఆ కోరికను నేరుగా అడగడం నోటికి అలవాటైతే దెప్పాల్సిన అవసరమే తగ్గుతుంది. కింద చెప్పే పనులన్నీ దానికోసమే.

ఇంత చిన్న విషయానికి ఇంత హడావిడి ఎందుకంటారా? అమెరికాలో జాన్ గాట్మన్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు 1980ల నుంచి భార్యాభర్తల్ని కూర్చోబెట్టి, వాళ్ళు పడే గొడవల్ని వీడియో తీసి, గుండె వేగం కొలిచి, ఏళ్ళ తరబడి వాళ్ళ కాపురాలు ఏమయ్యాయో గమనించారు. కాపురాన్ని చెడగొట్టే నాలుగు తీరులు వాళ్ళకు పదేపదే కనిపించాయి: చేసిన పనిని వదిలేసి మనిషిని తప్పుపట్టడం, చులకన చేయడం, తన తప్పేమీ లేదని ఎదురు వాదించడం, గోడలా బిగుసుకుపోవడం. నాలుగింటిలోనూ విడాకుల్ని ఎక్కువగా సూచించింది చులకన. వెటకారం, మూతి తిప్పడం, కళ్ళు పైకి తిప్పడం, అవతలివాళ్ళలా మాట్లాడి వెక్కిరించడం అన్నీ దానికిందకే వస్తాయి. మన దెప్పు కూర్చునేది సరిగ్గా అక్కడే. వాళ్ళు చూసింది అమెరికా జంటల్ని, మన ఇళ్ళలో అత్తమామలు, ఆడపడుచులు, తోడికోడళ్ళు అందరూ ఉంటారు, నిజమే. కానీ చులకన చేస్తే మనసు విరగడానికి ఊరితో పనేముంది?

మొదటి వారం: ఏమీ మానొద్దు, రాసుకోండి

మొదటి వారం మీ నోటికి ఏ అడ్డూ పెట్టకండి. అన్న ప్రతి మాటనూ రాసుకోండి, అంతే. ఫోనులో నోట్స్ అయినా సరే, పిల్లల పాత నోటుబుక్కు వెనక పేజీ అయినా సరే. నాలుగు విషయాలు చాలు: టైము, ఎవరిని అన్నారు, అన్న మాట, దానికి ఒక్క నిమిషం ముందు ఏం జరిగింది.

అన్న మాటను ఉన్నదున్నట్టు రాయాలి. "గ్యాస్ బుక్ చేయలేదని కాస్త గట్టిగా చెప్పాను" అని రాస్తే అది మీ వకీలు రాసిన కాగితం అవుతుంది. "ఫోను చూడ్డానికి టైముంటుంది, గ్యాస్ బుక్ చేయడానికి మాత్రం అయ్యగారికి తీరిక ఉండదు" అన్నారా, అదే రాయండి. మర్నాడు కాఫీ తాగుతూ చదువుకుంటే "అయ్యగారు" అన్న ఒక్క మాట ఎంత పని చేసిందో మీకే తెలుస్తుంది.

ఎందుకు రాయడం అంటే, అలవాటు పడ్డ మాట మనకు వినపడదు. 1973లో నాథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే ఇద్దరు, గోళ్ళు కొరుక్కోవడం, జుట్టు పీక్కోవడం, ఆపుకోలేని కదలికలు లాంటి వాటికోసం ఒక చికిత్స పద్ధతి తయారుచేశారు. ఇప్పటికీ చికిత్సలో అది వాడుకలో ఉంది. అందులో మొదటి మెట్టు మానడం కాదు, గమనించడం. చెయ్యి నోటి దగ్గరికి వెళ్తోందని తెలిస్తేనే కదా ఆపగలిగేది. గోళ్ళ అలవాటుకి చేసినదాన్ని నోటి అలవాటుకి వాడుకుంటే తప్పేమీ లేదు.

ఏవి లెక్కలోకి వస్తాయో ముందే తెలిసి ఉండాలి, లేకపోతే "ఇవాళ ఒక్కటీ అనలేదు" అనుకుంటారు. పక్కింటి అబ్బాయితోనో, చెల్లెలి మొగుడితోనో పోల్చడం దెప్పే. పాత లెక్కలు తవ్వడం దెప్పే. "నువ్వెప్పుడూ ఇంతే", "ఒక్కసారైనా చేశావా" అనేవి సరేసరి. పుట్టింటివాళ్ళనో అత్తింటివాళ్ళనో మధ్యలోకి లాగితే అది అన్నిటికంటే లోతుగా దిగుతుంది. ప్రశ్నలా అడిగేవి ఉంటాయి: "ఏం, కాళ్ళు నొప్పులా?" నలుగురిలో నవ్వుతూ అనేవి ఉంటాయి, ఇవి మరీ ప్రమాదం, ఎందుకంటే పడ్డవాళ్ళు కోపం తెచ్చుకుంటే "జోకు కూడా అర్థం కాదు" అని రెండో దెబ్బ కూడా తినాలి.

నోరు తెరవకుండా దెప్పేవి కూడా రాయాలి. గిన్నె కాస్త గట్టిగా పెట్టడం. తలుపు వేసే తీరు. ఎదురుగా మొగుడు కూర్చునుండగా పిల్లాడితో "మీ నాన్నగారిని భోజనానికి లేవమని చెప్పు" అనడం. ఆ పిల్లాడు రెండడుగుల దూరంలో ఉన్న నాన్న దగ్గరికి వెళ్ళి ఆ మాట అప్పజెప్పి, తిరిగి అమ్మ మొహం చూస్తాడు. ఆ వయసులోనే ఇంట్లో రాయబారం చేయడం వాడి ఉద్యోగమైపోతుంది. ఇంటి భారాల్లో పిల్లల నెత్తిన పెట్టకూడనిది ఇదే అని నా అభిప్రాయం.

వారం గడిచాక పేజీ తిరగేస్తే ఒక వరస కనిపిస్తుంది. సాధారణంగా దెప్పులన్నీ రోజంతా సమానంగా పరుచుకుని ఉండవు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య గుంపుగా ఉంటాయి: కుక్కర్ కూత, హోంవర్కు, ఆఫీసు నుంచి ఆగని వాట్సాప్ మెసేజీలు, అన్నీ అప్పుడే. లేదా ఫలానా బంధువు ఫోన్ పెట్టేసిన వెంటనే ఉంటాయి. లేదా చుట్టాలు వచ్చే ముందు గంటలో. ఆ టైమే మీ అసలు శత్రువు. దాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

రెండో పని: దెప్పు వెనక ఏం అడగాలనుకున్నారు?

రాసుకున్న ప్రతి మాట పక్కన, "అసలు నాకేం కావాలి?" అని ఒక్క వాక్యం రాయండి. కష్టమైన పని ఇదే, తొందరపడొద్దు.

"అక్కయ్యగారింటి పని" మాట వెనక ఉన్నది: నేను చెప్పిన పనికి కూడా మీ దగ్గర విలువ ఉండాలి. "వంట ఎవరో ఒకరు చేస్తార్లే" వెనక ఉన్నది: ఆకలేస్తోంది, నువ్వు లేటవుతావని ముందే తెలిస్తే ఏదో ఒకటి చేసుకునేవాణ్ణి. "మా రోజుల్లో" వెనక ఉన్నది చాలాసార్లు మిషన్ల గురించి కాదు: నేను కూడా ఈ ఇంటికి ఇంత చాకిరీ చేశాను, ఎవరూ గుర్తించలేదు. ఇలా రాసుకుంటూ పోతే మూడు రకాలు తేలతాయి.

మొదటి రకం, ఇప్పుడే తీరే కోరికలు. కరివేపాకు తేవడం, ఫీజు కట్టడం, లేటైతే ఫోన్ చేయడం. వీటికి అడిగే పద్ధతి నేర్చుకుంటే చాలు.

రెండో రకం పాత గాయాలు. కరివేపాకు దగ్గర మొదలైన మాట "మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు మీవాళ్ళు ఒక్కరైనా తొంగిచూశారా" దగ్గర తేలితే, అది కరివేపాకు గొడవ కాదని ఇద్దరికీ తెలుసు. ఇలాంటిది సింకు దగ్గర నిలబడి తేల్చుకునేది కాదు. దానికి వేరే రోజు, వేరే చోటు కావాలి. ఆదివారం పొద్దున్న పార్కులో నడుస్తూనో, పిల్లలు ట్యూషన్‌కి వెళ్ళినప్పుడో, "మీతో ఒక పాత విషయం మాట్లాడాలి, మీ తప్పు పట్టడానికి కాదు, నా మనసులోంచి పోవడం లేదు" అని మొదలుపెట్టి ఆ ఒక్కటే మాట్లాడండి. పక్క పక్కన నడుస్తుంటే మొహాలు చూసుకోనక్కర్లేదు కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది కూడా.

మూడో రకం ఒట్టి అలసట. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దానిమీద పెడితే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెట్టారు. అసలు చెయ్యని మగవాళ్ళు ఈ లెక్కలోనే లేరు. పని మొత్తం ఒకరి మీద పడేసి, "కాస్త మెల్లగా చెప్పొచ్చుగా" అని ఆవిడకే నీతులు చెప్పడం అన్యాయం. మీ పేజీలో మూడో రకమే ఎక్కువుంటే మాట తీరు కంటే ముందు పని పంచుకోవడం గురించి మాట్లాడండి. రాత్రి గిన్నెలు, పిల్లల టిఫిన్ బాక్సులు, పాలవాడి లెక్క, ఏది ఎవరిదో పేరు పెట్టి పంచుకోండి. "సాయం చేస్తాను" అనే మాట చాలదు. ఆ పని గుర్తుపెట్టుకోవడం కూడా ఆయన వంతులోకి వెళ్ళాలి.

మూడో పని: ఒక్క సందర్భం పట్టుకోండి

అన్ని దెప్పులూ ఒకేసారి మానాలనుకోవద్దు. పేజీలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ఒక్క సందర్భాన్ని తీసుకోండి. ఉదాహరణకి, ఆయన చెప్పినవేవీ తేకుండా చేతులూపుకుంటూ ఇంట్లోకి రావడం.

ఆ క్షణంలో ఏం చేయాలో ముందే, తీరిగ్గా ఉన్నప్పుడు, ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి. "ఇక కోపం తగ్గించుకుంటాను" లాంటి గాలి తీర్మానాలు కాదు. "ఆయన ఉత్తచేతులతో వస్తే, ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు నేను తాగి, భోజనాలయ్యాక అడుగుతాను" అని. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి "ఇలా జరిగితే ఇలా చేస్తాను" తీర్మానాల మీద చాలా పనిచేశారు. ఒట్టి సంకల్పం కంటే, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేయాలో కట్టేసుకున్న సంకల్పం ఎక్కువగా నెరవేరుతుందని ఆ పరిశోధనలు చూపించాయి. ఆ క్షణంలో ఆలోచించే పని ఉండదు, ముందే ఆలోచించి పెట్టుకున్నారు కాబట్టి.

మంచినీళ్ళు ఎందుకంటారా? అజ్రిన్, నన్ పద్ధతిలో రెండో మెట్టు అదే: అలవాటు వచ్చే క్షణంలో, దానితో పాటు చేయడం కుదరని ఇంకో పని కొద్ది నిమిషాలు చేయడం. గోళ్ళు కొరికేవాళ్ళయితే పిడికిలి బిగిస్తారు. మాట జారేవాళ్ళకి నోట్లో నీళ్ళకంటే మంచి అడ్డు ఏముంది! నీళ్ళు లేకపోతే ఊపిరి మెల్లగా వదలండి, పీల్చేదానికంటే వదిలేది ఎక్కువసేపు.

దెప్పు రాబోతోందని ఒళ్ళు ముందే చెబుతుంది. కొందరికి దవడ బిగుస్తుంది, కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరు చేతిలో ఉన్న వస్తువుని ఠక్కున కింద పెడతారు. చాలామందికి ఆ మాట మనసులో ముందే తయారైపోయి, ఎంత బాగా కుదిరిందో అని ఒక చిన్న సంతోషం కూడా ఉంటుంది. ఆ సంతోషమే అసలు గుర్తు. మాట మరీ బాగా కుదిరిందనిపించిందా, మింగేయండి.

నాలుగో పని: అడగడం

నీళ్ళు తాగి ఊరుకుంటే సగం పనే అయినట్టు. అడగాలి. అడగకపోతే అది కడుపులో పుల్లబడుతుంది.

1999లో సిబిల్ కారేర్, గాట్మన్ కలిసి ప్రచురించిన ఒక అధ్యయనంలో కొత్తగా పెళ్ళైన 124 జంటల్ని చూశారు. గొడవ విషయం మీద మొదటి మూడు నిమిషాలు ఎలా మాట్లాడుకున్నారన్నదే, తర్వాత ఆరేళ్ళలో ఎవరు విడిపోతారో అంచనా వేయడానికి పనికొచ్చింది. కటువుగా మొదలైన మాట కటువుగానే ముగుస్తుంది. కాబట్టి మొదటి వాక్యం మీదే మీ శ్రద్ధంతా పెట్టండి.

మొదటి వాక్యంలో మూడు ఉంటే చాలు: ఏం జరిగింది, నాకేమైంది, ఏం కావాలి. కరివేపాకు సంగతే తీసుకుందాం. భోజనాలయ్యాయి, ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"ఇవాళ చెప్పినవి రాలేదండీ. రేపు పొద్దున్న పిల్లల బాక్సుల్లోకి ఏం పెట్టాలో నాకు టెన్షన్‌గా ఉంది."

"అయ్యో, మీటింగ్ లేటైంది, బండెక్కాక అసలు గుర్తే రాలేదు."

"గుర్తు రాకపోవడం మామూలే. ఇకనుంచి ఆరింటికి మెసేజ్ పెడతాను, చూసి ఒక్క థమ్సప్ పెట్టండి. అది రాకపోతే నేనే కింద షాపులో తెచ్చుకుంటాను."

ఇందులో గొప్ప మాటలేమీ లేవు. అక్కయ్యగారు రాలేదు, "ఎప్పుడూ" రాలేదు, ఏం కావాలో ఆయనకి స్పష్టంగా తెలిసింది. అడిగింది కుదరకపోతే ఏం చేస్తారో కూడా ముందే చెప్పారు కాబట్టి, రేపు మళ్ళీ మర్చిపోయినా గొడవ పడాల్సిన పని లేదు.

పెద్దవాళ్ళతో ఈ తీరు కాస్త మారాలి. అత్తగారితో "నాకు బాధేసింది" అని మొదలుపెడితే చాలా ఇళ్ళలో అదే ఇంకో గొడవవుతుంది. "అత్తయ్యా, పప్పు మీరు చేసినట్టు కుదరడం లేదు, రేపు పక్కనుండి చూపిస్తారా?" అంటే, ఆవిడ "మా రోజుల్లో" వెనక అడుగుతున్నది కూడా దొరికినట్టే. ఇది కాకా పట్టడం అనుకుంటే మీ ఇష్టం. నిజంగా పప్పు బాగా చేసే ఆవిడని అడగడంలో అబద్ధమేముంది?

అత్తగారి వైపు నుంచి అయితే, గాల్లోకి అనడం ముందు మానాలి. పేరు పెట్టి పిలిచి, ఒక్క పని చెప్పి ఊరుకోవాలి: "అమ్మాయ్, పూజ గిన్నెలు మాత్రం విడిగా కడుగు." చెప్పిన పని చెప్పినట్టు ఉంటుంది, కోడలు రాత్రంతా దాని అర్థం వెతుక్కోనక్కర్లేదు.

నోరు జారితే

జారుతుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు; పూర్తిగా తీసుకోలేకపోయినా సర్దుకోవచ్చు, అదీ ఎంత త్వరగా అయితే అంత మంచిది. వాక్యం మధ్యలో గుర్తొచ్చినా సరే ఆగండి. "ఆగు, ఇలా కాదు, మళ్ళీ చెప్తాను" అంటే చాలు. ఆ తర్వాత సరిగ్గా అడగండి.

మాట పూర్తిగా అనేశాక అయితే, "పొద్దున్న మీ అక్కయ్యగారి మాట అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే" అనాలి. ఏ మాట తప్పో పేరు పెట్టి చెప్పాలి, "కానీ" కలపకూడదు. "నీకు బాధ కలిగుంటే సారీ", "సరదాకి అన్నాను", "నువ్వు అలా చేయబట్టే కదా" ఇవేవీ పనికిరావు. మన ఇళ్ళలో చాలామంది సారీ చెప్పరు, ఓ గ్లాసు కాఫీ తెచ్చి పక్కన పెడతారు. కాఫీ మంచిదే, దాన్ని మానమనను. కానీ కాఫీతో పాటు ఆ ఒక్క వాక్యం కూడా రావాలి. ముఖ్యంగా పిల్లలకి, వాళ్ళకి కాఫీ భాష అర్థం కాదు.

కోపం మరీ ఎక్కువైపోయి గుండె దడదడలాడుతుంటే ఏ పద్ధతీ పనిచేయదు. గుండె వేగం నిమిషానికి వంద దాటాక అవతలివాళ్ళ మాట సరిగా చెవికెక్కదని గాట్మన్ అంటారు. ఒళ్ళు చల్లబడటానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలి. అప్పుడు లేచి వెళ్ళిపోండి, కానీ ఎప్పుడు వస్తారో చెప్పి వెళ్ళండి: "మేడమీదికి వెళ్తున్నా, అరగంటలో వస్తా, అప్పుడు మాట్లాడుకుందాం." చెప్పకుండా వెళ్తే అది అలక అవుతుంది, మూడు రోజుల మౌనవ్రతానికి దారితీస్తుంది. ఆ అరగంటలో కూడా మనసులో వాదన కొనసాగించకండి. బట్టలు మడతపెట్టండి, మొక్కలకి నీళ్ళు పోయండి.

మంచి వార్త వచ్చినప్పుడు

గాట్మన్ చెప్పిన ఇంకో లెక్క ఉంది. నిలబడే జంటలు గొడవ మధ్యలో కూడా ఒక్క చేదు మాటకి ఐదు మంచి మాటలో, నవ్వులో, తలూపులో ఇచ్చిపుచ్చుకుంటారట. దెప్పులు మానినంత మాత్రాన ఈ ఐదూ వాటంతటవి రావు, వేరేగా పెంచుకోవాలి. వాటికి అన్నిటికంటే తేలికైన చోటు, ఇంట్లో ఎవరైనా మంచి వార్త తెచ్చినప్పుడు.

బడి నుంచి పిల్ల పరిగెత్తుకొచ్చి "అమ్మా, లెక్కల్లో మూడోది వచ్చాను" అంటుంది. "మొదటిదెవరు?" ఈ ఒక్క ప్రశ్న ఎన్ని ఇళ్ళలో వినలేదు! అడిగినవాళ్ళకి అది మామూలు ప్రశ్నే. పిల్ల మొహంలో దీపం ఆరిపోవడం మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు 2004లో ప్రచురించిన అధ్యయనాల ప్రకారం, మంచి వార్త చెప్పినప్పుడు అవతలివాళ్ళు ఉత్సాహంగా, ఆసక్తిగా స్పందించే బంధాల్లో తృప్తి, దగ్గరితనం ఎక్కువ. పొగడ్తలు కుమ్మరించనక్కర్లేదు. "అవునా! ఏ లెక్క కష్టంగా వచ్చింది? ఎలా చేశావు?" అని అడిగి, చేతిలో ఫోను పక్కన పెట్టి వింటే చాలు. ఎంట్రన్స్ ర్యాంకులు, క్యాంపస్ ప్యాకేజీలు, అమెరికా వీసాలు ఇవన్నీ పోల్చుకునే కాలంలో పెరుగుతున్న పిల్లలకి, ఇంట్లో ఒక్క మనిషి పోల్చకుండా వింటే అదే పెద్ద బలం.

దూరాన ఉన్నవాళ్ళ ఫోన్ల సంగతి కూడా ఇంతే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు పదిరోజులకి వీడియో కాల్ చేస్తే, "ఇప్పటికి గుర్తొచ్చామా నాయనా" అన్నది చాలా ఇళ్ళలో మొదటి మాట. దాని వెనక ఉన్నది ఒట్టి బెంగ. కానీ కొడుకు చెవికి చేరేది నేరారోపణ. ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు ఒక తిట్టు తినాలంటే ఎవరికైనా ఫోన్ చేయడం వాయిదా వేయాలనిపిస్తుంది, పది రోజులు పదిహేనవుతాయి. మొదటి మాటగా "నీ మొహం చూస్తే ప్రాణం లేచొచ్చిందిరా" అనండి. కాల్ చివర్లో, "ఆదివారం పొద్దున్న మీకు శనివారం రాత్రి కదా, ఆ టైముకి ప్రతి వారం మాట్లాడుకుందామా?" అని అడగండి. బెంగకి కావాల్సింది అదే.

మీరు పడేవాళ్ళయితే

ఎదురు దెప్పు వేయొద్దు, బాగా కుదిరినా సరే. దెప్పుని వదిలేసి వెనకున్న కోరికకి జవాబివ్వడం ఒక దారి: "కరివేపాకు కావాలంటున్నావు కదా, రేపు తెస్తా." అలా ఎల్లకాలం కుదరదు కాబట్టి, తీరిగ్గా ఉన్న రోజున "పని చెప్పు, చేస్తాను, మా వాళ్ళని మాత్రం మధ్యలోకి తేవద్దు" అని ఒక గీత గీయండి.

కానీ అన్నీ అలవాటు కింద సర్దుకుపోవాల్సినవి కావు. రోజూ అవమానించడం, పిల్లలు పుట్టలేదనో మగపిల్లాడు లేడనో ఎత్తిపొడవడం, పేర్లు పెట్టి హేళన చేయడం, ఇవి 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ప్రకారం మాటల హింస, మానసిక హింస కిందకి వస్తాయి. భయం, కొట్టడం, డబ్బు బిగబట్టడం వాటికి తోడైతే ఈ వ్యాసంలో చెప్పిన పద్ధతులు మీకు చాలవు. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి. అలాగే అనేవాళ్ళలో నిద్రపట్టకపోవడం, ఏ పనిమీదా మనసు లేకపోవడం, అయినదానికీ కానిదానికీ చిరాకు వారాల తరబడి ఉంటే, అది అలవాటు కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఎన్నాళ్ళు పడుతుంది

21 రోజులు అని మీరు వినే ఉంటారు. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్స్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, కొత్త ముఖానికి రోగులు అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని రాసిన మాట అది. ఆ "కనీసం" ఎక్కడో జారిపోయి, 21 రోజులు మిగిలాయి. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త అలవాటు తనంతట తాను జరిగే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఆ లెక్కలు ఒకరికి 18 రోజుల నుంచి ఇంకొకరికి 254 రోజుల దాకా ఉన్నాయి. అదీ నీళ్ళు తాగడం, పళ్ళు తినడం, వ్యాయామం లాంటి వాటికి. ఇరవై ఏళ్ళుగా నోట్లో నానిన మాటకి అంతకంటే తక్కువ పడుతుందని ఆశ పెట్టుకోకండి. ఒకరోజు తప్పినా పెద్ద నష్టమేమీ లేదని కూడా అదే అధ్యయనంలో తేలింది, కాబట్టి పండక్కి చుట్టాల ముందు నోరు జారితే మొత్తం వదిలేయనక్కర్లేదు.

మధ్యలో ఒక అడ్డంకి వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. మీరు మారితే ఇంట్లోవాళ్ళు ముందు నమ్మరు. "ఏంటి, ఇవాళ ఒంట్లో బాగాలేదా?", "ఎవరి వీడియో చూశావు?" అని వాళ్ళే మిమ్మల్ని దెప్పుతారు. ఏళ్ళ తరబడి పడ్డవాళ్ళు ఇది ఎన్నాళ్ళుంటుందో చూద్దామనుకోవడం సహజం. "మారుదామని చూస్తున్నా, తప్పితే గుర్తుచెయ్యి" అని చెప్పి మీ పని మీరు చేసుకుపోండి. గుర్తుచేయడానికి ఇద్దరూ కలిసి ఒక సైగ పెట్టుకుంటే ఇంకా మంచిది, గ్లాసు ముందుకి జరపడం లాంటిది.

మూడు నెలల తర్వాత మళ్ళీ ఒక వారం అదే పుస్తకంలో రాయండి. పాత పేజీ పక్కన పెట్టుకుని చూడండి. మొదట పట్టుకున్న సందర్భంలో దెప్పులు సగానికి తగ్గుంటే, రెండో సందర్భం తీసుకోండి. తగ్గకపోతే వాక్యాన్ని మార్చండి. భోజనాలయ్యాక అడుగుతానన్నది కుదరకపోతే, పొద్దున్న ఆయన బండి తాళాలు తీసుకునేటప్పుడు అడిగి చూడండి.